నాన్న చెవిలో రూల్ బుక్

ఆ రోజుల్లో ఏ వస్తువునైనా తయారుచేసినవాడు ఎలా ఇచ్చాడో అలాగే వాడుకోవడం నాకు చాలా నామోషీగా ఉండేది. రేడియో కొంటే పాటలు వినాలని, మిక్సీ కొంటే చట్నీ రుబ్బుకోవాలని లోకం అనుకునేది. లోపల ఏముందో చూడకుండా వాడేవాళ్ళని చూసి నేను జాలిపడేవాణ్ణి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్‌లో నేను విప్పని వస్తువు ఒక్క గ్యాస్ సిలిండరే. (అదైనా, అమ్మ ఎప్పుడూ దాని పక్కనే పీట వేసుకుని కూర్చునేది కాబట్టి మిగిలింది.) విప్పినదాన్ని తిరిగి బిగించాక ప్రతిసారీ నా అరచేతిలో రెండో మూడో మరలు మిగిలిపోయేవి. "కంపెనీవాడు ఎక్కువ పెట్టాడు" అని చెప్పి వాటిని ఒక డబ్బాలో వేసేవాణ్ణి. ఆ డబ్బా నిండి రెండో డబ్బా మొదలుపెట్టినా నాకు అనుమానం రాలేదు. ఇంట్లోవాళ్ళకి వచ్చింది. నేను బాగుచేసిన టేబుల్ ఫ్యాను తిరుగుతున్నంతసేపూ నాన్న దానికి ఎదురుగా కాకుండా పక్కగా కూర్చునేవాడు.

అప్పుడు నేను ఊరి శివార్లలో కోని అనేచోట ఉన్న కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సీపత్ కరెంటు ప్లాంటులో పనిచేసే ఒక ఇంజినీరు నాకు బస్సులో పరిచయమయ్యాడు. కరీంనగర్ మనిషి. మా ఇంట్లో నలిగిన శ్రీకాకుళం తెలుగు విని ఆయనా, ఆయన తెలుగు విని నేనూ మొదట్లో హిందీలోకి పారిపోయేవాళ్ళం. తర్వాత అలవాటైంది. నేను ఆయన్ని సీపత్ అన్న అనేవాణ్ణి. కొత్తది కొనుక్కున్నాక తన పాత పాటల ప్లేయరు నా చేతిలో పెడుతూ ఆయన ఒకే మాట చెప్పాడు: "పాటలకు మంచిగనే ఉంటది తమ్మీ. దీన్ల ఇంకేం కెలకకు." ఆ మాటలో మొదటి సగం నాకసలు వినబడలేదు. రెండో సగం విని, ఇందులో కెలకడానికి ఏదో ఉందన్నమాట అనుకున్నాను.

ఉంది మరి. అగ్గిపెట్టెంత ప్లేయరు, రెండు వేళ్ళ వెడల్పు తెర, అయిదు బటన్లు. దానితోపాటు వచ్చిన సాఫ్ట్‌వేరును తీసేసి, ఎవరెవరో దేశదేశాల్లో కూర్చుని ఉచితంగా రాసిపెట్టిన ఇంకో సాఫ్ట్‌వేరును ఎక్కించుకోవచ్చని బుధ్వారీ బజారు దగ్గరి సైబర్ కేఫ్‌లో కూర్చుని కనిపెట్టాను. ఎక్కించాను. ప్లేయరు ఆన్ చెయ్యగానే కంపెనీ బొమ్మకి బదులు నా పేరు వచ్చిన క్షణంలో నాకు కలిగిన గర్వం తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. ఇక అక్కణ్ణుంచి మొదలైంది. వెనక బొమ్మగా రైలింజను పెట్టాను. అక్షరాలు చిన్నవి చేశాను, పెద్దవి చేశాను, మళ్ళీ చిన్నవి చేశాను. అందులో పుస్తకాలు చదువుకోవచ్చు, మా చిన్నప్పటి వీడియో గేముల్లాంటి ఆటలు ఆడుకోవచ్చు, పైనుంచి పడే ఇటుకల్ని వరసగా పేర్చుకోవచ్చు. పాటలకైతే బేస్ ఎంత, ట్రెబుల్ ఎంత అని ఇరవై రకాల గీతలున్నాయి. ఆ గీతల్ని పైకీ కిందికీ జరపడంలో నాలుగు రోజులు గడిచాయి గానీ ఆ నాలుగు రోజుల్లో ఒక్క పాట కూడా చివరిదాకా వినలేదు. పల్లవి రాగానే బేస్ చాలలేదనిపించేది.

"ఏట్రా అది, పాటలు పాడదేటి?" అని అడిగింది అమ్మ.

"పాడతాదమ్మా. ఇంకా సెట్టింగులో ఉంది."

"మీ నాన్న బండి లాగుంది. ఎప్పుడడిగినా సిగ్నల్ రాలేదంటాడు."

మా నాన్న గూడ్సు బండి డ్రైవరు. (కాగితాల మీద అప్పటికే లోకో పైలట్ అనడం మొదలుపెట్టారు. మా ఇంట్లోనూ వీధిలోనూ మాత్రం డ్రైవరే.) మా తాత పలాస వైపునుంచి ఫైర్‌మన్‌గా వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు, నాన్న ఆ ఇంజను వాసనలోనే పుట్టాడు. గూడ్సు డ్రైవరంటే, ఎప్పుడు డ్యూటీకి పిలుస్తారో తెలీదు, వెళ్ళినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో తెలీదు. బొగ్గు బండి తీసుకుని వెళ్ళి, ఎక్కడో వేరే బండ్లకి దారిస్తూ లూప్ లైనులో అయిదు గంటలు నిలబడి, అవతలి ఊరి రన్నింగ్ రూములో పడుకుని, మర్నాడో ఆ మర్నాడో ఇల్లు చేరేవాడు. రన్నింగ్ రూమంటే డ్రైవర్లు, గార్డులు విశ్రాంతి తీసుకునే చోటు. నాన్న నిద్రలో ఎక్కువ భాగం అక్కడే అయిపోయింది. ఇంటికొచ్చినా నేను కాలేజీలోనో సైబర్ కేఫ్‌లోనో ఉండేవాణ్ణి. ఎదురుపడితే ఆయన "తిన్నావేటి" అనేవాడు. నేను "ఊఁ" అనేవాణ్ణి. నేను "ఎన్నింటికి బండి?" అని అడిగితే ఆయన "తెలీదు" అనేవాడు. మా తండ్రీకొడుకుల సంభాషణ అంతటితో సంపూర్ణం.

ఆ సంవత్సరం ప్యాసింజరు డ్రైవర్ల సెలక్షన్ పెట్టారు. ప్యాసింజరు బండి దొరికితే డ్యూటీకి ఒక వేళంటూ ఉంటుంది, ఏ రోజు ఇంట్లో ఉంటాడో ముందే తెలుస్తుంది. అమ్మకి ఇరవయ్యేళ్ళుగా ఉన్న ఒకే ఒక కోరిక అది. అంతకు ముందొకసారి నాన్న రాత పరీక్ష పాసై, ఓరల్‌లో తప్పాడు. రూల్స్ రాక కాదు. ముగ్గురు అధికారులు బల్లకి అటువైపు కూర్చుని ప్రశ్న అడిగేసరికి ఆయనకి నోరు పెగల్లేదు. ఈసారి తప్పితే మళ్ళీ సెలక్షన్ ఎప్పుడో, అప్పటికి నాన్న కళ్ళూ వయసూ ఎలా ఉంటాయో ఎవరికీ తెలీదు. రాత పరీక్ష ఈసారి కూడా పాసయ్యాడు. ఓరల్‌కి నెలరోజులుంది. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని, రూల్ బుక్కు ఒళ్ళో పెట్టుకుని, పెదవులు కదపకుండా దానికేసి చూస్తూ కూర్చునేవాడు.

అది చూడగానే నా బుర్రలో దీపం వెలిగింది. (నా బుర్రలో దీపం వెలిగినప్పుడల్లా ఇంట్లో ఫ్యూజు పోయేదని అమ్మ అంటుంది.) రూల్ బుక్కు మొత్తాన్ని ప్లేయర్‌లోకి ఎక్కించేస్తానని ప్రకటించాను.

"ఎక్కించి?" అన్నాడు నాన్న.

"జేబులో పెట్టుకుని ఎక్కడైనా చదువుకోవచ్చు నాన్నా."

"బుక్కు కూడా జేబులోనే పడతాది కదరా."

ఆ మాట పట్టించుకోకుండా పని మొదలుపెట్టాను. మొదట చదువుకునే పద్ధతి. నాన్న చదివింది అప్పట్లో రైల్వే బడిలో ఉన్న తెలుగు మీడియం, రూల్ బుక్కేమో హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉండేది. నేను చదివింది హిందీ మీడియం, తెలుగు అక్షరాలు నాకప్పుడు అరకొరగా వచ్చేవి. (ఇప్పుడిలా రాస్తున్నానంటే, ముప్పై దాటాక ఒకటో తరగతి వాచకం ముందు పెట్టుకుని గుణింతాలు దిద్దుకున్న పుణ్యం.) అందుకని రూల్స్‌ని తెలుగులోకి మార్చి, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశాను. మూడు రోజులు పట్టింది. నాన్న ఆ ప్లేయరును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి, ముక్కుకి ఆనించుకుని చూశాడు. తెర మీద ఒక్కసారికి మూడు మాటలు పట్టేవి. సిగ్నల్ అన్న మాట దాటి రెడ్ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి అమ్మ అన్నం వడ్డించేసింది.

"ఒరే, ఇంత మెల్లగా సిగ్నల్ చూస్తే ఎనకాల బండోడు వొచ్చి గుద్దేస్తాడు" అని నాన్న దాన్ని నా చేతిలో పెట్టేశాడు.

ఓడిపోయే రకం కాదు నేను. చదవడం కుదరకపోతే వినిపిస్తాననుకున్నాను. రూల్స్‌ని నేనే తెలుగులో చదివి ఆ ప్లేయర్‌లోనే రికార్డు చేస్తే, నాన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పడుకునే నేర్చుకోవచ్చు. వంటింటి పక్కనున్న సామాన్ల గది నా స్టూడియో అయింది. ప్రతిధ్వని రాకుండా తలమీద బొంత కప్పుకుని, ఎండాకాలంలో, ముఖం నిండా చెమటతో చదవడం మొదలుపెట్టాను. మొదటి రెండు రూల్స్ రేడియోలో వార్తలు చదివేవాళ్ళ లాగ గంభీరంగా చదివాను. విని చూసుకుంటే ఎవరో పోయారని చెబుతున్నట్టుంది. అందుకని తీసేసి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాను.

"ఏటంటే నాన్నా, గేటు సిగ్నల్ లాల్‌లో ఉందనుకో. ఆగాల. ఆగి పొడుగ్గా హారన్ కొట్టాల." సరిగ్గా ఇక్కడ వంటింట్లో కుక్కరు విజిల్ వేసింది. బాగా కుదిరిందని ఉంచేశాను. "అచ్ఛా, పగలైతే ఒక నిమిషం సూడాల, రాత్రైతే రెండు నిమిషాలు. అప్పటికీ సిగ్నల్ రాకపోతే మెల్లగా, జాగ్రత్తగా గేటు దాకా పోవాల. నీకిది తెలుసులే నాన్నా, అయినా సెప్తన్నాను."

అలా మొదలై, నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. బొంత కింద ఎదురుగా మనిషి లేకపోవడం వల్ల కాబోలు, రూలుకీ రూలుకీ మధ్య ఏదో ఒకటి మాట్లాడేవాణ్ణి. "ఉండు నాన్నా, నీళ్ళు తాగొస్తాను." "ఇది రాసినోడెవడోగాని ఒక్క వాక్యం పేజీ అంత రాసేడు." బండి దారిలో చెడిపోయి ఆగిపోతే, ఎదురొచ్చే బండిని ఆపడానికి పట్టాల మీద, చక్రం ఎక్కగానే పేలే పటాకాలు కట్టాలన్న రూలు చదివినప్పుడైతే నాకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. "ఆరొందల మీటర్ల దగ్గర ఒకటి, పన్నెండొందల దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు. అంత దూరం నడిసి ఎళ్తావేటి నాన్నా నువ్వు? వానలో కూడానా?" అని అడిగేసి, తర్వాతి రూలుకి వెళ్ళిపోయాను.

అంతా కలిపి యాభై రెండు నిమిషాలు వచ్చింది. బ్యాటరీ పాతది, ముప్పావు గంటకే చేతులెత్తేసేది. దానికీ నా దగ్గర ఉపాయం ఉంది. కొత్త సాఫ్ట్‌వేరులో గొంతు కీచుమనకుండా వేగం మాత్రం పెంచే సదుపాయం ఉంది. నా మాటల వేగం పెంచి మొత్తాన్ని నలభై నిమిషాల్లోకి కుదించాను. నాన్న మొదటిసారి విని, "ఎవులో తరుముతున్నట్టు సెప్తన్నావేట్రా" అన్నాడు. అది బ్యాటరీ కోసమని వివరించాను. "అచ్ఛా" అన్నాడు. మా నాన్న అచ్ఛా అన్నాడంటే ఒప్పుకున్నట్టో, వాదించే ఓపిక లేనట్టో ఈనాటికీ నాకు తెలీదు.

ఆయన ప్లేయరును టిఫిన్ క్యారేజీ సంచిలో వేసుకుని డ్యూటీకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. రన్నింగ్ రూములో వింటున్నానని చెప్పేవాడు. నాన్నతోపాటు పరీక్షకి వెళ్తున్న ఆయన స్నేహితుడొకాయన ఉండేవాడు, మేం పలాస మావయ్య అనేవాళ్ళం. ఆయన ఒకరోజు మా ఇంటికొచ్చి అమ్మని పక్కకి పిలిచి, "సెల్లే, బావ రన్నింగ్ రూములో పడుకుని ఒక్కడే మాటాడుకుంటన్నాడు. 'ఆఁ, వానలో కూడాను' అంటన్నాడు. ఒంట్లో బాగుందేటి?" అని అడిగాడు. అమ్మ నాకేసి చూసింది. చదువులో లీనమైపోతే అలాగే ఉంటుందని నేను ధైర్యం చెప్పాను.

ఒకసారి ఇంటికి తెచ్చినప్పుడు నేను ప్లేయరు తెరిచి చూస్తే, ఇటుకల ఆటలో నా రికార్డు మొదటి స్థానంలో లేదు. దాని పైన ఇంకో అంకె ఉంది. నాదానికి రెండింతలు. నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నకొడుకు బొంత కింద ఉడికిపోయి రూల్స్ చదివితే, ఈయన ఇటుకలు పేర్చుకుంటున్నాడా? నిలదీశాను.

"బండి లాగే ఉందిరా ఆ ఆట. ముందు ఏటి వొత్తందో సూసుకుని జాగా సిద్ధం సేసుకోవాల" అన్నాడు నాన్న, ఏమాత్రం సిగ్గుపడకుండా.

"పరీక్ష నెత్తిమీదికి వస్తే ఆటలేటి నాన్నా" అని మందలించాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు నవ్వు రాలేదు, అదే ఆశ్చర్యం. అదే మాట ఆయన నన్ను అనాల్సిన సంవత్సరాలన్నీ డ్యూటీలో ఉండిపోయాడు. వెంటనే కూర్చుని, మెనూలోంచి ఆటలు కనబడకుండా చెయ్యబోయాను. ఆటలతోపాటు పాటలూ, పుస్తకాలూ, చివరికి మెనూ కూడా కనబడకుండా పోయాయి. ఏ బటను నొక్కినా "ఏటంటే నాన్నా" అని నా గొంతే మొదలవుతోంది. వేల పాటలు పాడగలిగే యంత్రాన్ని ఒక్క మాట తప్ప ఇంకేదీ చెప్పలేని స్థితికి తెచ్చాను. ఇలా కావాలనే చేశానని, దీనివల్ల ఏకాగ్రత పెరుగుతుందని నాన్నకి చెప్పాను.

పరీక్ష రోజు వచ్చింది. అమ్మ ఇస్త్రీ చొక్కా ఇచ్చి, నుదుట బొట్టుపెట్టి పంపించింది. మధ్యాహ్నం నాన్నకంటే ముందు పలాస మావయ్య స్కూటరు మా గుమ్మం ముందు ఆగింది. ఆయన స్కూటరు స్టాండు వెయ్యలేకపోతున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీడం లేదు. అమ్మ మంచినీళ్ళిచ్చాక వరండాలో కూలబడి, జరిగింది చెప్పాడు.

నాన్న లోపలికి వెళ్ళాడు. తన వంతు కోసం మావయ్య తలుపు బయటే బెంచీ మీద కూర్చున్నాడు. అధికారి గేటు సిగ్నల్ గురించి హిందీలో అడిగాడు. ఈసారి నాన్నకి నోరు పెగిలింది. ఎంతగా పెగిలిందంటే, ప్రశ్న పూర్తికాకుండానే "ఏటంటే నాన్నా" అని మొదలుపెట్టి, నేను పెంచిన వేగంతోనే గేటు సిగ్నల్ రూలు మొత్తం అచ్చ తెలుగులో చెప్పేశాడట. హారన్ కొట్టాల అన్నాక కుక్కరు విజిల్ పట్టేంతసేపు ఆగాడట. మళ్ళీ అచ్ఛా అని అందుకున్నాడట. "నీకిది తెలుసులే నాన్నా, అయినా సెప్తన్నాను" అని ముగ్గురు అధికారుల్లో పెద్దాయన ముఖం మీదే అన్నాడట.

"తలుపు ఓరగా ఉంది, అన్నీ వినబడతన్నాయి" అన్నాడు మావయ్య. "పెద్ద సాబ్, హిందీ మే బోలియే అన్నాడు. బావ సారీ సాబ్ అన్నాడు. ఇంకో ప్రశ్న అడిగేరు, బండి దారిలో ఆగిపోతే ఏటి సేస్తావని. మళ్ళీ తెలుగే. ఆరొందలు, పన్నెండొందలు అన్నీ కరట్టుగా సెప్పేసి, ఆ సాబ్‌నే అడిగేడు, 'అంత దూరం నడిసి ఎళ్తావేటి నాన్నా నువ్వు, వానలో కూడానా' అని."

"తరవాతేటయింది?" అంది అమ్మ.

"పెద్ద సాబ్ అడిగేడు, యే నాన్నా కౌన్ హై అని. అంతే, లోపల్నించి ఎవులో తలుపేసీసేరు. నాకింకేటీ వినబళ్ళేదు."

అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. మొదటిసారి నాన్న మాట్లాడలేక తప్పాడు, అది ఆయన స్వభావం. ఈసారి నావల్ల తప్పాడు. ఇరవయ్యేళ్ళుగా హిందీలో కళ్ళుమూసుకుని చెప్పగలిగిన రూల్స్‌ని నేను ఆయన నోట్లో తెలుగు చేసి, పరుగెత్తించి, మధ్యలో నా వాగుడు కూడా కలిపి పెట్టాను. అమ్మ లోపల గిన్నెలు సర్దుతున్న చప్పుడు వింటుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది. నాన్న వచ్చి, బూట్లు విప్పి, "అయింది" అని ఒక్క మాట అన్నాడు. భోజనం చేసి పడుకున్నాడు. ఆ రోజు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆ ప్లేయరును చూడటానికి కూడా నాకు మొహం చెల్లలేదు. సైబర్ కేఫ్‌కి తీసుకెళ్ళి అందులో ఉన్నదంతా, నా గొంతుతో సహా, శుభ్రంగా తుడిచేసి సాఫ్ట్‌వేరు కొత్తగా ఎక్కించాను. ముందుజాగ్రత్తకి కేఫ్‌లో కంప్యూటరు మీద దాచుకున్న కాపీ కూడా తీసేశాను. చేసిన తప్పుకి ఆనవాలు మిగలకూడదని నా ఉద్దేశం. ఖాళీ అయిన చోట పాత వీడియో గేములు పదిహేను పెట్టాను. (పశ్చాత్తాపం కొంత, చోటు కలిసొచ్చిందన్న సంతోషం కొంత. ఇప్పుడు దాచి ఏం లాభం?)

రెండు వారాలకి డ్రైవర్లు డ్యూటీకి సంతకం పెట్టేచోట లిస్టు అంటించారు. కింది నుంచి రెండో పేరు నాన్నది. దాని కింద పలాస మావయ్యది. అమ్మ నమ్మలేదు. మావయ్యని ఇంకోసారి పంపించి చూసి రమ్మంది. ఆయన వెళ్ళి, చూసి, మిఠాయి పొట్లంతో వచ్చాడు. అప్పుడు మేమంతా చుట్టూ చేరి అడిగితే, తలుపేశాక ఏం జరిగిందో నాన్న చెప్పాడు. నాన్నా అంటే ఎవరని పెద్ద అధికారి అడిగితే, నిజమే చెప్పాడట: మా అబ్బాయి రూల్స్ నేర్పించాడు సాబ్, వాడు నన్ను అలా పిలుస్తాడు, అదే నోటికొచ్చేసింది. ఆ ముగ్గురూ చాలాసేపు నవ్వారట. తర్వాత పెద్దాయన మంచినీళ్ళు తెప్పించి ఇచ్చి, అయితే ఇప్పుడు నేను నీ కొడుకుని అనుకో, నాకేమీ తెలీదు, మెల్లగా హిందీలో నేర్పించు అన్నాడట.

"మరి నేర్పేవా?" అంది అమ్మ.

"అధికారికయితే నోరు రాదు గాని, కొడుక్కి సెప్పడానికేటి? అరగంట సెప్పేను. ఆళ్ళే సాలన్నారు."

నా ఛాతీ వెంటనే ఉబ్బింది. చూశారా, నా పద్ధతి ఎలా పనిచేసిందో అని అక్కడికక్కడే మాటలు అందుకున్నాను. అసలు ఆ రికార్డింగు లేకపోతే నాన్న నోరు తెరిచేవాడా అని మావయ్యని అడిగాను. ఆయన మిఠాయి నములుతూ తల ఊపాడు. రెండు వారాలుగా నన్ను తినేసిన భయమంతా ఎటుపోయిందో తెలీలేదు.

మావయ్య వెళ్ళాక నాన్న, "ఆ ప్లేయరు ఇలాతే" అన్నాడు. ఇచ్చాను. ఆయన ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని ఒక బటను నొక్కాడు. ఇంకోటి నొక్కాడు. తెర మీద ఒకదాని తర్వాత ఒకటి పదిహేను ఆటల పేర్లు వచ్చాయి.

"నీ మాటలేవిరా?"

"తీసేసేను నాన్నా. పరీక్ష అయిపోయింది కదా."

"మొత్తం తీసేసేవేటి?"

"ఊఁ. నీకు రూల్స్ అన్నీ వచ్చేసేయి కదా ఇప్పుడు."

"రూల్స్ నాకు నువ్వు పుట్టకముందే వొచ్చురా." నాన్న ఇయర్‌ఫోన్లు తీసి, వాటి తీగని వేలికి మెల్లగా చుట్టుకుంటున్నాడు. "రన్నింగ్ రూములో రోజూ రెండుసార్లు వినీవోడిని. ఇంట్లో నాతో అన్ని మాటలు నువ్వెప్పుడాడేవు?"

ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నాకు చెయ్యి ఆగుతోంది. అప్పుడు ఏదీ ఆగలేదు. సాంకేతిక విషయాల్లో ఎదుటివాడు పొరబడితే సరిదిద్దడం నా ధర్మమనుకునే వయసది. కాబట్టి సరిదిద్దాను.

"అన్ని మాటలెక్కడివి నాన్నా? మొత్తం యాభై రెండు నిమిషాలే. అందులో సగం రూల్ బుక్కువే, నావి కావు."

"ఆ మిగతా సగం కోసవే విన్నాన్రా" అన్నాడు నాన్న. ప్లేయరు నా చేతిలో పెట్టి, వీపు మీద ఒకసారి తట్టి, స్నానానికి వెళ్ళిపోయాడు.

నేను ఏం చేశానో కూడా చెప్పాలి. అక్కడే గడప మీద కూర్చుని కొత్తగా పెట్టిన ఆటల్లో ఒకటి తెరిచాను. ఆ సాయంత్రం ఏడో లెవెల్ దాటాను, ఆ సంగతి వీధిలో అందరికీ చెప్పుకున్నాను. పెరట్లో నాన్న నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది. లేచి వెళ్ళి, వానలో నిజంగానే అంత దూరం నడుస్తావా అని అడగడానికి పది అడుగులు వేస్తే చాలు. ఇరవయ్యేళ్ళ ఆ కుర్రాడు తల కూడా ఎత్తలేదు. వాణ్ణి తిడదామనుకుంటాను గానీ, ఏడో లెవెల్ దాటినప్పుడు వాడి మొహంలో ఉన్న వెలుగు గుర్తొచ్చి ప్రతిసారీ నవ్వేసి ఊరుకుంటాను.